ఉప్పు సత్యాగ్రహం: 1930లో ఉప్పు అసలు ఎలా వండారు? పన్ను లెక్క ఏమిటి?

#1 పర్రభూమి
ఏటా ఏప్రిల్ రాగానే ఉప్పు సత్యాగ్రహం మీద వ్యాసాలు వస్తాయి. అన్నిట్లోనూ "సముద్రపు నీరు తెచ్చి ఉప్పు వండారు" అని ఒక్క వాక్యం, వెంటనే లాఠీలు, అరెస్టులు. ఎన్ని బిందెల నీరు, ఎంత కట్టె, ఎంత ఉప్పు దిగింది అనేది ఎవరూ రాయరు. పన్ను సంగతి కూడా "మణుగుకి రూపాయి పావలా" అని చెప్పి వదిలేస్తారు. కాలేజీ ప్రదర్శనలో పొయ్యి పెట్టి పిల్లలకి వండి చూపించాలని ఆలోచన. తెలిసినవాళ్ళు కొలతలతో చెప్పండి. సముద్రపు నీళ్ళు రెండు క్యాన్లు తెస్తే సరిపోతుందా?

#2 కొఠారుగట్టు
రెండు క్యాన్లు అంటే 40 లీటర్లు అనుకుందాం. అది మొత్తం ఇగరగొడితే మీకు వచ్చేది కిలో కంటే తక్కువ. కట్టెలు మాత్రం 40 కిలోల పైనే కాలుతాయి. పొయ్యి దగ్గరే పొద్దు గుంకుతుంది.

లెక్క ఇది. సముద్రపు నీటిలో లీటరుకి సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. అందులో మనం తినే ఉప్పు 27 గ్రాములు. మిగతాది మెగ్నీషియం లవణాలు, జిప్సం వగైరా. కాగితం మీద కిలో ఉప్పుకి 37 లీటర్లు చాలు. కానీ చివర్లో మిగిలే చేదు నీరు పారబోయాలి, కొంత ఉప్పు దాంతో పోతుంది, కాబట్టి 45 లీటర్లు వేసుకోండి. మూడు రాళ్ళ పొయ్యి మీద కిలో ఎండు కట్టెకి లీటరు నీరు ఆవిరైతే గొప్ప. సముద్రపు గాలికి అది కూడా దక్కదు.

అందుకే 1930లో చాలా చోట్ల పచ్చి సముద్రపు నీటిని నేరుగా మరిగించలేదు. పర్ర (సముద్రపు పోటు ఎక్కే చదును నేల) మీద తెల్లగా పేరిన చౌడు పెళ్ళలు గోకి తెచ్చి, నీళ్ళతో కడిగి, ఆ చిక్కటి ఉప్పునీటిని వండారు. "నీరు తెచ్చి వండారు" అని రాసేవాళ్ళు ఈ మధ్య మెట్టుని మింగేస్తున్నారు. అసలు పనితనం అక్కడే ఉంది.

#3 లెక్కలమాస్టారు
వండే విధానం కొఠారుగట్టు గారు చెబుతారు. నేను పన్ను సంగతి చెప్తాను, ఎందుకంటే "మణుగుకి రూపాయి పావలా" అనే మాటే తెలుగువాళ్ళని తప్పుదారి పట్టిస్తోంది.

మన మణుగు 8 వీశలు. వీశ 120 తులాలు, అంటే 1.4 కిలోలు. అలా మన మణుగు 11.2 కిలోలు. ఉప్పు చట్టంలో ఉన్నది ఆ మణుగు కాదు. 40 సేర్ల సర్కారు మణుగు, 82 పౌన్ల పైచిలుకు, 37.3 కిలోలు. మన మణుగుకి 3.3 రెట్లు పెద్దది. కాబట్టి మన మణుగుకి రూపాయి పావలా అని చదువుకుంటే పన్నుని మూడింతలు ఎక్కువ చేసి చెప్పినట్టు.

ఇప్పుడు సరిగ్గా వేయండి. రూపాయి పావలా అంటే 20 అణాలు, 240 పైసలు (పాత లెక్కలో అణాకి 12 పైసలు, ఇప్పటి పైసలు కావు). సర్కారు మణుగులో 3,200 తులాలు. వీశకి 120 తులాలు. 240ని 3,200తో భాగించి 120తో గుణిస్తే సరిగ్గా 9. అంటే వీశ ఉప్పుకి ముప్పావు అణా పన్ను.

మనిషికి ఏడాదికి 4 వీశలు (5.6 కిలోలు) అనుకుంటే పన్ను మూడు అణాలు. ఐదుగురి ఇంటికి 15 అణాలు, రూపాయికి ఒక అణా తక్కువ. ఇది పెద్ద మొత్తమా అంటే, 1930 మార్చి 2న వైస్రాయ్ ఇర్విన్‌కి రాసిన ఉత్తరంలో గాంధీ దేశంలో మనిషి సగటు ఆదాయాన్ని రోజుకి రెండు అణాల లోపు అని వేశాడు. ఆ లెక్కన ఒకరి ఏడున్నర రోజుల రాబడి ఉప్పు పన్నుకే పోతుంది. అదే ఉత్తరంలో వైస్రాయ్ జీతం నెలకి 21,000 రూపాయలని, అంటే రోజుకి 700 పైన అని గుర్తుచేశాడు. వైస్రాయ్ కూడా ఏడాదికి నాలుగు వీశలే తింటాడు. ఈ పన్నులో ఉన్న అన్యాయం అది.

#4 పర్రభూమి
మాస్టారూ, ఈ మణుగు తేడా ఎక్కడా చూడలేదు, ధన్యవాదాలు. మరి "2,400 శాతం పన్ను" అనే మాట నిజమేనా?

#5 దివితీరం
2,400 శాతం అనేది ప్రచారం కోసం వాడిన అంకె. అంత పన్ను ఉంటే ఉప్పు ఎవరు కొంటారు?

#6 లెక్కలమాస్టారు
దివితీరం గారూ, అంకె తప్పు కాదు. దేని మీద శాతం అనేది చూడాలి. ఉప్పు మడి (సముద్రపు నీరు ఎండగట్టే చదును) దగ్గర సర్కారు మణుగు ఉప్పు తయారీకి 10 పైసలు పడుతుందని, దాని మీద పన్ను 240 పైసలని గాంధీ లెక్క. 24 రెట్లు, అంటే 2,400 శాతం. మడి దగ్గరి ధర మీద అది సరైన లెక్కే. కానీ అంగట్లో ధర మీద కాదు. గోతాలు, బండి కూలి, రైలు కిరాయి, తరుగు, వర్తకుడి లాభం కలిసేసరికి ధరలో పన్ను వాటా తగ్గుతూ వస్తుంది. తీరానికి దగ్గరగా ఉన్నవాడికి పన్ను వాటా ఎక్కువ, కిరాయి వాటా తక్కువ. అందుకే పక్కనే ఉప్పు పండుతున్న ఊళ్ళో పన్ను కళ్ళకి కట్టినట్టు కనిపిస్తుంది. ఉద్యమం తీరంలో రాజుకోవడానికి ఇదీ ఒక కారణమే.

ఉప్పు కొనకుండా ఉండలేరు కాబట్టే అంత పన్ను నిలబడింది. బట్ట మీద అంత వేస్తే జనం కొనడం మానేస్తారు. ఉప్పు మానేయలేరు, గంజిలోనైనా వేసుకోవాలి.

#7 పాతగెజిట్
రేట్ల చరిత్ర కూడా ఒకచోట ఉంటే మంచిది. మద్రాసు రాజధానిలో (ప్రెసిడెన్సీలో) ఈస్టిండియా కంపెనీ ఉప్పుని సర్కారు గుత్తాధిపత్యంలోకి తెచ్చింది 1805లో. రైతు మడిలో పండిస్తాడు, పంట అంతా సర్కారు కొఠారుకి (ఉప్పు గిడ్డంగికి) వేస్తాడు, కుడివారం అనే కూలి లాంటి సొమ్ము తీసుకుంటాడు. అమ్మకం సర్కారుది. 19వ శతాబ్దం చివర్లో లైసెన్సు పద్ధతి కూడా వచ్చింది. అందులో పండించినవాడే అమ్ముకుంటాడు, కానీ సుంకం కట్టకుండా ఒక్క బస్తా కూడా కొఠారు గేటు దాటదు. రెండు పద్ధతుల్లోనూ తాళం ఉప్పు శాఖ చేతిలోనే.

1877 చివర్లో, అంటే ధాత కరువు నడుస్తుండగా, మద్రాసులో సుంకాన్ని మణుగుకి రూపాయి 13 అణాల నుంచి రెండున్నర రూపాయలకి పెంచారు. గంజి కేంద్రాల దగ్గర జనం చచ్చిపోతున్న రోజులు. 1882లో రెండు రూపాయలకి దించారు, 1888లో మళ్ళీ రెండున్నర. 1903 నుంచి తగ్గుతూ 1907కి రూపాయికి వచ్చింది. యుద్ధం ఖర్చని 1916లో రూపాయి పావలా. 1923లో రెట్టింపు చేస్తామంటే కేంద్ర శాసనసభ తిరస్కరించింది. వైస్రాయ్ రీడింగ్ తన ప్రత్యేకాధికారంతో సంతకం పెట్టి అమలు చేశాడు. మరుసటి ఏడు మళ్ళీ రూపాయి పావలా చేయక తప్పలేదు. 1930లో ఉన్నది ఆ రేటే.

1923 సంగతి చాలామంది దాటేస్తారు. ఎన్నికైన సభ "వద్దు" అన్నా పన్ను పడుతుందని దేశం మొత్తానికి తెలిసింది అప్పుడే.

#8 దివితీరం
ఉప్పు దొంగరవాణా ఆపడానికి దేశం అడ్డంగా ముళ్ళ కంచె వేశారని, అది మన తెలుగు ప్రాంతం మీదుగా వెళ్ళిందని ఒక వీడియోలో చెప్పారు. ఆనవాళ్ళు ఎక్కడైనా ఉన్నాయా?

#9 పాతగెజిట్
కంచె నిజం. తెలుగు ప్రాంతం మీదుగా అన్నది తప్పు. 1869 నాటికి ఆ సుంకం గీత సింధు నది దగ్గర మొదలై మహానది దాకా సుమారు 2,300 మైళ్ళు, కాపలాకి దాదాపు 12,000 మంది. చాలా భాగం తుమ్మ, రేగు, బ్రహ్మజెముడు లాంటి ముళ్ళ మొక్కలు పెంచి చేసిన పచ్చి కంచె. దాని పని, తక్కువ సుంకం ఉన్న పడమటి ఉప్పు ఎక్కువ సుంకం ఉన్న బెంగాల్ వైపు పోకుండా ఆపడం. మద్రాసు రాజధానిలో దాని అవసరం రాలేదు. ఇక్కడ ఉప్పు పండేది తీరంలో, సుంకం పడేది కొఠారు గేటు దగ్గర.

అయినా మనకి సంబంధం ఉంది. కంచె తీసేయాలంటే అన్ని చోట్లా రేట్లు దగ్గరగా ఉండాలి. బెంగాల్‌లో కొంత దించారు, మద్రాసు, బొంబాయిల్లో పెంచారు. పైన చెప్పిన కరువు నాటి పెంపు అదే. 1879 ఏప్రిల్ 1న కంచె ఎత్తేశారు. దాని ఖరీదులో కొంత ధాత కరువులో చిక్కినవాళ్ళు కట్టారు.

తెలంగాణ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. నిజాం రాజ్యానికి తీరం లేదు. మన తీరం నుంచి బండ్ల మీద, రైలు మీద వెళ్ళిన ఉప్పు సుంకం కట్టాకే బయల్దేరేది. బ్రిటిష్ వాళ్ళ ప్రత్యక్ష పాలన లేని చోట కూడా వాళ్ళ ఉప్పు పన్ను జనం గంజిలో కలిసేది.

#10 పర్రభూమి
కొఠారుగట్టు గారూ, చౌడు కడిగే పద్ధతి దశలవారీగా చెప్పండి. కొలతలు ఉంటే ఇంకా మంచిది.

#11 కొఠారుగట్టు
చెప్తాను. పదికిలోల మట్టికి కొలతలు ఇస్తున్నాను.

ముందు మట్టి ఎక్కడిది అన్నది ముఖ్యం. అమావాస్య, పౌర్ణమి పోట్లకి సముద్రం పర్ర మీదకి ఎక్కుతుంది, తర్వాత వారం రోజులు అక్కడికి రాదు. ఆ వారం ఎండకి నీరు ఇగిరి తెల్లటి పొర పేరుతుంది. అది గోకాలి. పై అర అంగుళమే, లోతుకి పోతే బురద తప్ప ఉప్పు ఉండదు. పొద్దున మంచుకి పొర మెత్తబడుతుంది, మధ్యాహ్నం గోకితే పెళ్ళలుగా లేస్తుంది. మంచి పొరలో 15 శాతం దాకా ఉప్పు ఉంటుంది, కొన్ని చోట్ల ఇంకా ఎక్కువ.

అడుగున చిల్లు ఉన్న పెద్ద కుండ తీసుకోండి. చిల్లు మీద వరిగడ్డి చుట్ట, దాని మీద పల్చటి గుడ్డ, దాని మీద రెండు వేళ్ళ మందం ముతక ఇసుక. ఆ పైన మట్టి, ముప్పావు వంతు దాకా. అదిమితే నీరు దిగదు, వదులుగా పోస్తే నీరు ఒకే దారి చేసుకుని జారిపోతుంది. చేత్తో తట్టి వదిలేయండి.

పైన పోసేది మంచినీళ్ళు కాదు, సముద్రపు నీళ్ళే. అందులో అప్పటికే 3.5 శాతం ఉంది కదా, ఎందుకు వదులుకోవాలి? 9 లీటర్లు కొద్దికొద్దిగా పోయండి. మట్టి 3 లీటర్లు పీల్చుకుంటుంది, 6 దిగుతాయి. మట్టిలో కిలోన్నర, నీటిలో మూడొందల గ్రాములు, మొత్తం 9 లీటర్లకి 1.8 కిలోలు, అంటే 20 శాతం చిక్కదనం. దిగిన 6 లీటర్లలో కిలో పైన ఉప్పు ఉంటుంది. తర్వాత ఇంకో 3 లీటర్లు పోస్తే పల్చటి నీరు వస్తుంది. దాన్ని వండొద్దు, రెండో కుండలో కొత్త మట్టి మీద పోయండి.

చిక్కదనం చూడటానికి కొఠార్లలో బోమే (చిక్కదనం డిగ్రీలు) కొలిచే గాజు గొట్టం ఉంటుంది. అది లేకపోతే తాజా కోడిగుడ్డు. అయితే గుడ్డు తేలితే చాలు అనుకోవద్దు, 11–12 శాతానికే తేలుతుంది. నీటిపైన కనిపించే భాగం పాత వెండి రూపాయి అంత వెడల్పు ఉంటే 20 శాతం దగ్గరికి వచ్చినట్టు. నిల్వ గుడ్డు మంచినీళ్ళలోనే తేలుతుంది, దాంతో చూస్తే మోసపోతారు.

రాత్రంతా కదపకుండా ఉంచి, పొద్దున పైన తేరిన నీరు మాత్రం వంచుకోండి. ఇప్పుడు ఇగరాల్సింది 5 లీటర్లు. 5–6 కిలోల కట్టె, రెండు మూడు గంటల పని. పచ్చి నీటితో 45 కిలోల కట్టె అయ్యే చోట ఇది.

#12 దివితీరం
ఇంత లెక్క వాళ్ళకి తెలుసంటారా? వాళ్ళకి కావలసింది చట్టం ధిక్కరించడమే కదా. గుప్పెడు ఉప్పు వచ్చినా చాలు.

#13 కొఠారుగట్టు
గుప్పెడైనా రావాలి కదండీ. ముందు వరసలో ఉన్నది న్యాయవాదులు, ఉపాధ్యాయులు, విద్యార్థులు. కానీ తీరం ఊళ్ళలో ఉప్పు మడుల్లో పని చేసినవాళ్ళు ఎప్పుడూ ఉంటారు, పద్ధతి వాళ్ళ దగ్గర ఉంది. పోలీసులు వచ్చేలోపు ఉప్పు కనబడాలంటే చిక్కటి నీరు ముందే సిద్ధంగా ఉండాలి. పచ్చి నీటితో కూర్చుంటే మధ్యాహ్నానికి కూడా కుండలో ఏమీ కనపడదు, జనం ఇళ్ళకి పోతారు.

#14 పాతగెజిట్
దీనికి దండిలోనే సాక్ష్యం ఉంది. గాంధీ 1930 మార్చి 12న సబర్మతి నుంచి 78 మందితో బయల్దేరి, సుమారు 240 మైళ్ళు నడిచి ఏప్రిల్ 5న దండి చేరాడు. (ఆ 78 మందిలో ఆంధ్ర నుంచి ఒక్కరే, ఎర్నేని సుబ్రహ్మణ్యం.) 6 ఉదయం ఆయన చేసింది వంట కాదు, ఒడ్డున పేరిన ఉప్పు కలిసిన మట్టి పెళ్ళ ఎత్తడం. ఆ ఉప్పు దొరక్కుండా చేయాలని దాన్ని ముందే బురదలో కలిపేసే పని కూడా జరిగింది. తనంతట తాను పేరిన ఉప్పుని పాడుచేయడం ఉప్పు శాఖ ఉద్యోగంలో భాగం. అప్పట్లో పండించడమే కాదు, పేరిన ఉప్పు ఏరుకోవడం కూడా నేరమే. ఉప్పు మట్టి తవ్వి తీసుకెళ్ళినా నేరమే.

కొఠారుగట్టు గారు పోటు సంగతి చెప్పారు కాబట్టి ఒక చిన్న లెక్క. 1930 మార్చి 30 అమావాస్య. ఏప్రిల్ 6 అంటే అమావాస్య పోటు వెనక్కి తగ్గి వారం ఎండిన సమయం. దానికోసమే ఆ రోజు పెట్టుకున్నారని నేను అనను. 1919 రౌలట్ సత్యాగ్రహాన్ని తలుచుకునే జాతీయ వారం ఏప్రిల్ 6న మొదలవుతుంది, తేదీ దానికోసం. పోటు కలిసొచ్చింది.

#15 పర్రభూమి
ఆంధ్రలో ఏ నేల మీద ఎలా జరిగింది? అన్ని తీరాలూ ఒకటి కాదుగా.

#16 పాతగెజిట్
సర్కారు జిల్లాల్లో (కోస్తా ఆంధ్రలో) ఉద్యమాన్ని నడిపింది కొండా వెంకటప్పయ్య. జిల్లాకో శిబిరం పెట్టుకున్నారు. కాకినాడ దగ్గర చొల్లంగిలో బులుసు సాంబమూర్తి, విశాఖపట్నంలో తెన్నేటి విశ్వనాథం. ఒంగోలు వైపు దేవరంపాడు. మద్రాసులో టంగుటూరి ప్రకాశం, దుర్గాబాయి ఉన్నారు, అక్కడి శిబిరం పేరు ఉదయవనం.

#17 కొఠారుగట్టు
నేలని బట్టి నా అంచనా చెప్తాను. చొల్లంగి మడ అడవుల పక్కన, జిగురు బురద నేల. పొర బాగా పేరుతుంది, కానీ కుండలో నీరు దిగడానికి గంటలు పడుతుంది, ఇసుక ఎక్కువ కలపాలి. విశాఖ ఒడ్డు ఇసుక, అక్కడ పొర పేరదు, నీరు ఇంకిపోతుంది. అలాంటి చోట పచ్చి నీరే వండాలి, గుప్పెడుతో సరిపెట్టుకోవాలి. చినగంజాం, కనుపర్తి వైపు చదునైన పర్ర, నేలలో బంక సరిపడా ఉంటుంది. అందుకే ఉప్పు మడులు అక్కడ వెలిశాయి. ఉత్తరాన నౌపడా కూడా అంతే.

ఏప్రిల్ నెల మాత్రం అందరికీ మంచిదే. మన తీరంలో ఉప్పు పంట సంక్రాంతి తర్వాత మొదలై తొలకరి దాకా. ఒక అంగుళం వాన పడితే మడిలో రెండు మూడు అంగుళాల లోతున ఉన్న చిక్కటి నీరంతా పలచబడి మళ్ళీ మొదటికి వస్తుంది. పేరిన పొర కూడా కరిగి నేలలోకి పోతుంది.

#18 ఉప్పరపల్లె
తీరం గురించే మాట్లాడుతున్నారు. సీమలో ఉప్పు సముద్రం నుంచి రాలేదు. బళ్ళారి, కర్నూలు, అనంతపురం, కడప వైపు ఉప్పర కులం వాళ్ళు చౌడు మట్టి నుంచి ఉప్పు తీసేవాళ్ళు, కులం పేరే ఆ పని నుంచి వచ్చింది. మట్టిని మనిషి ఎత్తుకి మించి దిబ్బగా పోసి, దాని నెత్తిన తొట్టిలా చేసి నీళ్ళు పోస్తే, కింద కన్నం లోంచి ఉప్పునీరు దిగేది. దాన్ని గచ్చు మడుల్లో ఎండబెట్టేవాళ్ళు. వాడేసిన మట్టి ఆ దిబ్బ మీదే పేరుకుంటూ పోతుంది, అందుకే దిబ్బలు ఏటా పెరిగేవి. మీ కుండ పద్ధతికి అది పెద్దన్న.

సముద్రపు ఉప్పు మీద రాబడికి ఇది గండి కొడుతోందని సర్కారు దాన్ని 1880 దశకంలో అణిచేసింది. తీరంలో రైతుకి కుడివారమైనా మిగిలింది. సీమలో ఉప్పరవాళ్ళకి పనే పోయింది, మట్టి పని, చెరువు పని, రాతి పని పట్టుకున్నారు. 1930 గురించి రాసేవాళ్ళు ఈ యాభై ఏళ్ళ ముందు కథ చెప్పరు.

#19 కొఠారుగట్టు
మంచి మాట చెప్పారు. పర్రభూమి గారికి దీంట్లో ఒక హెచ్చరిక కూడా ఉంది. లోపలి ఊళ్ళలో తెల్లగా కనపడే ప్రతి చౌడూ ఉప్పు కాదు. బట్టలు ఉతకడానికి వాడే సవుడులో ఉన్నది సోడా. నాలుక మీద పెడితే సబ్బు లాగా జారుతుంది. పాత గోడల అడుగున, పశువుల కొట్టం దగ్గర పేరేదాంట్లో సురేకారం ఉంటుంది, నోటికి చల్లగా తగులుతుంది. అది తినేది కాదు. మీరు మట్టి తేవాలనుకుంటే సముద్రం ఎక్కే పర్ర నుంచే తెండి. మురుగు కాలవలు, రొయ్యల చెరువుల నీరు కలిసే చోట వద్దు. అసలు ఏ ప్రదర్శనలోనైనా వండిన ఉప్పుని ఎవరికీ తినిపించకండి, చూపించండి చాలు.

#20 పర్రభూమి
సరే. వండేటప్పుడు ఏం తేడా వస్తుంది? ఒక చోట "నల్లటి, చేదు ఉప్పు" వచ్చిందని చదివాను.

#21 కొఠారుగట్టు
నలుపు బురద వల్ల. తేరనివ్వకుండా వండారు. చేదు వేరే తప్పు, అది ఎక్కువమంది చేసే తప్పు: నీరంతా ఇగిరేదాకా ఉంచడం.

మరుగుతున్నప్పుడు ముందు సన్నటి తెల్లపొడి తేలుతుంది, అడుగున పెచ్చు కడుతుంది. అది ఉప్పు కాదు, జిప్సం. దాన్ని ఒకసారి గుడ్డలో వడకట్టాలి. వదిలేస్తే మట్టికుండ అడుగున పెచ్చు కట్టి, వేడి సమంగా అందక కుండ పగులుతుంది. తర్వాత పైన మీగడలా పలుకులు కడతాయి, అది ఉప్పు. అప్పుడు మంట తగ్గించాలి. పెద్ద మంట మీద పొడి ఉప్పు వస్తుంది, సన్న సెగ మీద పలుకు వస్తుంది. అంబలి చిక్కదనానికి వచ్చాక చిటపటలాడుతూ ఎగిరి పడుతుంది, చేతుల మీద పడితే బొబ్బలే. పిల్లల్ని నాలుగు అడుగుల దూరంలో ఉంచండి.

నీరు ఐదో వంతు మిగిలి ఉండగానే దించేయాలి. ఉప్పుని గరిటెతో తీసి వెదురు గంపలో వేసి రాత్రంతా ఓడనివ్వాలి. కారిపోయేది చేదు నీరు, మెగ్నీషియం అంతా దాంట్లోనే ఉంటుంది. దాన్ని కూడా ఇగరబెట్టి కలుపుకుంటే ఉప్పు చేదెక్కుతుంది, మబ్బు పట్టిన రోజున గంపలోనే నీరై కారుతుంది. మడుల్లో కూడా సూత్రం ఇదే. బోమే 25 దగ్గర ఉప్పు పేరడం మొదలవుతుంది, 29 దాటకముందే మిగిలిన నీరు బయటికి వదిలేస్తారు. ఆశపడి ఉంచినవాడి ఉప్పుకి ధర రాదు.

గిన్నె: అల్యూమినియం వద్దు, గుంటలు పడుతుంది. పల్చటి ఇనుపది తుప్పు రంగు దింపుతుంది. వెడల్పాటి మట్టి మూకుడు, లేదా మందపాటి స్టీలు.

#22 దివితీరం
పోలీసులు కుండలు పగలగొట్టేవాళ్ళు అంటారు. ఉప్పుని జప్తు చేస్తే చాలదా?

#23 పాతగెజిట్
వండుతున్న చోట జప్తు చేయడానికి ఇంకా ఉప్పు లేదు, ఉన్నది వేడి నీరు. దాన్ని పారబోస్తే ఆ రోజు పని పోతుంది. కుండ పగిలితే రేపటి పని కూడా పోతుంది. పొయ్యి చుట్టూ చేతులు పట్టుకుని కూర్చున్నవాళ్ళ మీద ఆ నీరు పడింది, కాలిన గాయాలు అలా వచ్చాయి. ఉప్పు తయారయ్యాక గుప్పిట్లో పట్టుకుని ఇవ్వమనేవాళ్ళు. చేతి వేళ్ళు విడదీయడానికి ఇద్దరు ముగ్గురు బంట్రోతులు కావాలి. వంద మంది గుప్పిళ్ళు బిగిస్తే ఎంతమంది బంట్రోతులు కావాలో లెక్క వేసుకోండి. ఉప్పు శాఖ సిబ్బంది కొఠార్లు కాయడానికి సరిపడా ఉన్నారు, ఊరి జనం గుప్పిళ్ళు విప్పడానికి కాదు. అందుకే పోలీసులు దిగాల్సి వచ్చింది.

మే 5న గాంధీని అరెస్టు చేశాక దారి మారింది. వండటం నుంచి కొఠార్ల మీదకి నడవడం దాకా వచ్చింది. మే 21న సరోజినీ నాయుడు ముందు నిలిచిన, గుజరాత్‌లోని ధరాసన ఉప్పు కొఠారు మీదకి నడక అదే.

#24 ఉప్పరపల్లె
చేపల సంగతి ఎవరూ ఎత్తలేదు. ఇంటి వంటకి పట్టే ఉప్పు కంటే ఎండుచేపలకి పట్టే ఉప్పు ఎంతో ఎక్కువ కదా? జాలర్లు పన్ను ఎలా కట్టారు?

#25 లెక్కలమాస్టారు
మంచి ప్రశ్న. మూడు నాలుగు కిలోల చేపకి కిలో ఉప్పు పడుతుంది. మామూలు రేటుకి ఆ ఉప్పు కొంటే చేప ధర కంటే ఉప్పు ధరే మించుతుంది. అది గమనించి మద్రాసు ప్రభుత్వం తీరం వెంట చేపలు ఉప్పు పట్టే ఆవరణలు పెట్టి, వాటి లోపల సుంకం లేని ఉప్పు ఇచ్చింది. షరతు ఏమిటంటే ఉప్పు ఆవరణ దాటకూడదు, చేప లోపలే ఉప్పు పట్టాలి. పడవ దిగిన చోటు నుంచి ఆవరణ దూరమైతే ఎండలో మోసుకెళ్ళేలోపు చేప మెత్తబడుతుంది. దగ్గర్లో ఆవరణ లేని ఊరి జాలరి ఉప్పు లేకుండా ఇసుక మీద ఎండబెట్టుకోవడమో, ఉప్పు మట్టి దొంగచాటుగా వాడుకోవడమో చేయాలి. రెండోది పట్టుబడితే కేసు.

#26 పర్రభూమి
ఇంత చేసి చివరికి పన్ను పోలేదు కదా? గాంధీ–ఇర్విన్ ఒప్పందంలో దక్కింది ఏమిటి?

#27 పాతగెజిట్
1931 మార్చి 5 నాటి ఒప్పందంలో ఉప్పు చట్టం రద్దు లేదు. ఉప్పు పేరే లేదా పండే చోటుకి ఆనుకుని ఉన్న ఊళ్ళవాళ్ళు ఇంటి వాడకానికి ఏరుకోవచ్చు, వండుకోవచ్చు, ఆ ఊళ్ళోనే అమ్ముకోవచ్చు. బయటి ఊరివాడికి అమ్మకూడదు. అంటే చినగంజాం పక్కన ఉన్నవాడికి కొంత ఊరట, గుంటూరులో ఉన్నవాడికి ఏమీ లేదు. అదే ఏడాది చివర్లో పాతిక శాతం అదనపు సుంకం వేశారు, మణుగుకి రూపాయి 9 అణాలైంది. పన్ను పూర్తిగా పోయింది 1947 ఏప్రిల్ 1 నుంచి, తాత్కాలిక ప్రభుత్వం బడ్జెట్‌లో.

#28 దివితీరం
అంటే డబ్బు లెక్కలో ఓడిపోయినట్టే.

#29 లెక్కలమాస్టారు
డబ్బు లెక్క అయితే మొదటి రోజే ఓటమి. కిలో ఉప్పు మీద పన్ను ఆరున్నర పైసలు లోపు. దాన్ని తప్పించుకోవడానికి ఐదారు కిలోల కట్టె, ఒక పూట పని. పచ్చి నీటితో అయితే 45 కిలోల కట్టె. ఏ రైతూ లాభం కోసం ఆ పని చేయడు. సర్కారుకి ఏటా ఉప్పు మీద వచ్చేది ఆరేడు కోట్లు. దానికి గండి పడుతుందనే భయంతో అంతమందిని జైల్లో పెట్టలేదు కూడా. కుండ, గుప్పెడు మట్టి, మూడు రాళ్ళు ఉంటే ఎవరైనా చట్టం తప్పవచ్చు. సర్కారు ఆపలేకపోయింది దాన్ని.

#30 పర్రభూమి
అందరికీ ధన్యవాదాలు. రెండు పొయ్యిలు పెడదామనుకుంటున్నాను. ఒకదాని మీద పచ్చి సముద్రపు నీరు 5 లీటర్లు, రెండోదాని మీద చౌడు కడిగిన నీరు 5 లీటర్లు. రెండింటికీ కట్టెలు తూచి పెడతాను. మొదటిదాంట్లో ఎంత రావచ్చు?

#31 కొఠారుగట్టు
నూరు గ్రాములు, అటూ ఇటూగా. రెండోదాంట్లో తొమ్మిది వందల దాకా. రెండూ అయిదేసి కిలోల కట్టెతోనే. బోర్డు మీద వీశల్లో కూడా రాయండి, మాస్టారి ముప్పావు అణా పక్కన. కుండలో మట్టి కడగడం ముందు రోజు సాయంత్రమే మొదలుపెట్టాలి, మర్చిపోకండి. కారిన చేదు నీటిని కాలేజీ మొక్కల్లో పోయొద్దు, చచ్చిపోతాయి.